పుట్టింది కలకత్తాలో, పేరు శత్రువుల జాబితాలో: కోల్‌కతా చైనీయుల రెండు శతాబ్దాల కథ

మన ఊళ్లలో పొద్దుగూకగానే లైటు వేసుకుని నిలబడే ఫాస్ట్‌ఫుడ్ బండి మీద 'గోబీ మంచూరియా' అన్న మాట లేకపోతే వింత. మంచూరియా అనేది చైనాకు ఈశాన్యాన ఉన్న ప్రాంతం. 1931లో జపాన్ సైన్యం దాన్ని ఆక్రమించి, మరుసటి ఏడాది అక్కడ ఒక కీలుబొమ్మ రాజ్యాన్ని నిలబెట్టింది. ఆ ప్రాంతానికీ మన బండి మీది ఎర్రటి ముద్దలకూ ఏ సంబంధమూ లేదు. ఈ వంటకాన్ని కోడిమాంసంతో 1970లలో ముంబైలో మొదలుపెట్టిన నెల్సన్ వాంగ్ పుట్టింది కలకత్తాలో, ఒక చైనీయ కుటుంబంలో. మనం 'చైనీస్' అని పిలుచుకునే రుచి చాలావరకు చైనా నుంచి నేరుగా వచ్చింది కాదు. కలకత్తాలో తరతరాలుగా బతికిన చైనీయులు ఇక్కడి అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చితో తయారుచేసుకున్నది.

వంట దేశమంతా పాకింది. వండినవాళ్లు మాత్రం దేశం వదిలిపోయారు. 1962 యుద్ధానికి ముందు కలకత్తాలో దాదాపు 20 వేల మంది చైనీయులు ఉండేవారని అంచనా. ఇప్పుడు రెండు వేలు, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ అంటారు. ఈ తగ్గుదలకు కారణం ఒక నెలరోజుల యుద్ధం అనుకుంటే పొరపాటు. యుద్ధం సాకుగా వచ్చిన ఒక చట్టం, ఆ చట్టం అడిగిన ఒక ప్రశ్న ఇందులో ముఖ్యమైనవి. 'నువ్వు ఎక్కడ పుట్టావు' అని కాకుండా 'మీ తాత ఎవరు' అని ఆ చట్టం అడిగింది. (2001కి ముందు సంగతులు వచ్చినప్పుడు ఆ నగరాన్ని కలకత్తా అనే రాస్తున్నాను.)

చక్కెర, నల్లమందు, తోలు

కలకత్తాకు వచ్చి స్థిరపడిన తొలి చైనీయుడిగా చరిత్రకెక్కినవాడు టోంగ్ అచ్యూ. 1770ల చివర్లో వారన్ హేస్టింగ్స్ అతనికి బజ్‌బజ్ దగ్గర హుగ్లీ ఒడ్డున సుమారు 650 బిఘాల భూమిని ఏడాదికి 45 రూపాయల శిస్తు మీద ఇచ్చాడు. అతను అక్కడ చెరకు వేసి, చక్కెర మిల్లు పెట్టి, చైనా నుంచి పనివాళ్లను రప్పించాడు. వాళ్లలో కొందరిని కలకత్తాలోని ఇతరులు ఆశపెట్టి లాక్కుపోతున్నారని అతను కంపెనీకి ఫిర్యాదు చేసుకోగా, 1781లో కంపెనీ అతనికి అండగా ఒక హెచ్చరిక ప్రకటన కూడా ఇచ్చింది. అచ్యూ ఎక్కువకాలం బతకలేదు, మిల్లూ నిలవలేదు. పనివాళ్లు కలకత్తా చేరారు. ఆ ఊరికి మాత్రం అతని పేరే మిగిలింది: అచీపూర్.

ఆ తరువాత వచ్చినవాళ్లను తెచ్చింది సముద్రమే. ఆ రోజుల్లో బీహార్ ప్రాంతంలో పండించిన నల్లమందును ఈస్టిండియా కంపెనీ కలకత్తాలో వేలం వేసేది. వ్యాపారులు దాన్ని కాంటన్ రేవుకు చేర్చేవారు. ఆ నల్లమందు దిగుమతిని అడ్డుకోబోయినందుకే 1839–42లో బ్రిటన్ చైనా మీద యుద్ధం చేసింది. ఓడిన చైనా రేవులు తెరిచింది. దక్షిణాన తైపింగ్ తిరుగుబాటు (1850–64), కరువులు, వంశాల మధ్య కొట్లాటలు గ్వాంగ్‌డాంగ్ పల్లెలను ఊపేశాయి. నల్లమందు ఓడలు నడిచిన దారిలోనే మనుషులు ఎదురు వచ్చారు. కలకత్తా చైనీయుల కథను చైనా ఆధునిక చరిత్ర నుంచి విడదీసి చెప్పలేకపోవడానికి కారణం ఇదే.

వచ్చినవాళ్లంతా ఒక్కటే కాదు. బయటివాళ్లకు అందరూ 'చీనా' వాళ్లే గానీ, వాళ్లలో వాళ్లకు భాషలు వేరు, వృత్తులు వేరు, గుళ్లు వేరు. కాంటనీస్ మాట్లాడేవాళ్లు వడ్రంగులు. ఓడల మరమ్మతు, ఇళ్ల చెక్కపని వాళ్లది. హుబే ప్రాంతంవాళ్లు పళ్లు కట్టేవాళ్లు, కాగితపు పూలు చేసేవాళ్లు. హైదరాబాద్‌తో సహా దేశంలోని పాత బజారు వీధుల్లో కనిపించిన 'చైనీస్ డెంటిస్ట్' బోర్డుల వెనుక చాలావరకు ఈ వృత్తి పరంపరే ఉంది. షాన్‌డాంగ్‌వాళ్లు భుజాన మూట వేసుకుని ఇంటింటికీ తిరిగి పట్టుబట్టలు అమ్మేవారు. మృణాల్ సేన్ తీసిన 'నీల్ ఆకాషేర్ నీచే' (1959) సినిమాలో నాయకుడు అలాంటి ఒక మూట వ్యాపారే. మహాదేవి వర్మ హిందీ రచన దానికి ఆధారం. ఆ సినిమాను ప్రభుత్వం కొంతకాలం నిషేధించింది కూడా.

అందరికన్నా ఎక్కువమంది హక్కాలు. హక్కా అంటేనే 'అతిథి' అని అర్థం. దక్షిణ చైనాలోనూ వాళ్లు బయటినుంచి వచ్చినవాళ్ల కిందే లెక్క. కలకత్తాలో వాళ్లు మొదట బెంటింక్ స్ట్రీట్‌లో చెప్పుల దుకాణాలు పెట్టారు. తరువాత, 1910 ప్రాంతంలో, నగరానికి తూర్పున చిత్తడి నేలల్లో, టాంగ్రాలో తోళ్ల శుద్ధి మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యానికి బూట్లు కావలసి వచ్చేసరికి ఆ పని పెరిగింది.

హక్కాలకే ఆ పని ఎందుకు దక్కిందో తెలుగువారికి విడమరిచి చెప్పనక్కర్లేదు. మన పల్లెల్లో లందలో తంగేడు చెక్క వేసి తోలు ఊనినవాళ్లను ఊరి చివర ఉంచినట్లే, బెంగాల్‌లోనూ పైకులాలు ఆ పనిని తాకలేదు. లాభం ఉన్నా పోటీ లేని వ్యాపారం అది. కులవ్యవస్థ బయట ఉన్న హక్కాలు ఆ ఖాళీలోకి వెళ్లారు. అయితే టాంగ్రాలో తోళ్లను చేత్తో ఎత్తి పిండినవాళ్లలో ఎక్కువమంది బీహార్ నుంచి వచ్చిన చర్మకార కులాలవారే. యజమాని హక్కా, కూలీ బీహారీ దళితుడు. టాంగ్రా మీద వచ్చే జ్ఞాపకాల వ్యాసాల్లో ఈ రెండోవాడు తరచుగా జారిపోతుంటాడు. 1980లలో టాంగ్రాలో ఉండి పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త ఎలెన్ ఆక్స్‌ఫెల్డ్ మాత్రం తన పుస్తకంలో ఈ సంబంధాన్ని వివరంగా పట్టుకున్నారు.

నగరం మధ్యలో ఉన్న పాత చైనాటౌన్ పేరు తిరెట్టా బజార్. ఆ పేరు ఇటలీ నుంచి వచ్చి కలకత్తాలో వీధులు, భవనాల పర్యవేక్షకుడిగా పనిచేసిన ఎడ్వర్డ్ తిరెట్టాది. ఇక్కడి చైనీయుల గుళ్లను 'చర్చి' అంటారు – సీ ఇప్ చర్చి, టూంగ్ ఆన్ చర్చి. లోపల ఉండేది సిలువ కాదు, ధూపం, ఎర్ర దీపాలు, దేవతలు. టూంగ్ ఆన్ గుడి కిందనే 1920లలో నాన్‌కింగ్ రెస్టారెంట్ నడిచింది. నగరంలో తొలి పేరున్న చైనా భోజనశాల అది. ఆ పేరుతోనే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోనూ ఒక హోటల్ ఉండటం మన పాఠకులు కొందరికి గుర్తుండవచ్చు.

1930ల దాకా వచ్చినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. 1937లో జపాన్ చైనా మీద పూర్తిస్థాయి దండయాత్ర మొదలుపెట్టాక కుటుంబాలు రావడం పెరిగింది. ఆ ఏడాదే శాంతినికేతన్‌లో రవీంద్రుడు తాన్ యున్‌షాన్ సాయంతో చీనా భవన్ ప్రారంభించాడు. 1942 ఫిబ్రవరిలో చియాంగ్ కైషేక్ కలకత్తాకు వచ్చి గాంధీని కలిశాడు. చైనీయులు ఆ నగరంలో మిత్రదేశపు మనుషులు. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అదే వీధుల్లో వాళ్ల మాట తలకిందులైంది.

ఎవరి పౌరులు?

1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచారు. ఓడిన ప్రభుత్వం తైవాన్‌కు వెళ్లింది. ఆ ఏడాది చివర్లో భారత్ బీజింగ్ ప్రభుత్వాన్ని గుర్తించింది. దీంతో పాత చైనా రిపబ్లిక్ పాస్‌పోర్టులున్న కలకత్తా చైనీయులు కాగితం మీద ఎవరికీ చెందనివాళ్లయ్యారు. కొందరు బీజింగ్ పాస్‌పోర్టు తీసుకున్నారు, కొందరు తీసుకోలేదు. టాంగ్రా స్కూళ్లలో కూడా బీజింగ్ పక్షం, తైవాన్ పక్షం అని చీలిక వచ్చింది.

ఇక్కడే పుట్టిన పిల్లల సంగతి వేరుగా ఉండాలి. రాజ్యాంగంలోని 5వ అధికరణం ప్రకారం ఇక్కడ పుట్టి ఇక్కడే స్థిరనివాసం ఉన్నవారు పౌరులు. 1955 పౌరసత్వ చట్టం మొదటి రూపంలో దాదాపుగా భారత గడ్డపై పుట్టిన ప్రతి ఒక్కరికీ పుట్టుకతోనే పౌరసత్వం ఇచ్చింది. అంటే మూడో తరం టాంగ్రా పిల్లవాడు, చట్టం చెప్పినదాని ప్రకారం, మనలాగే భారతీయుడు.

1962 అక్టోబర్ 20న సరిహద్దులో యుద్ధం మొదలైంది. 26న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. 30న విదేశీయుల చట్టానికి సంబంధించి ఒక ఆర్డినెన్సు వచ్చింది. తరువాత అది చట్టమైంది. అందులో కీలకమైన మాట ఇది: భారత మూలం కాని ఎవరైనా సరే, తాను గానీ, తల్లిదండ్రుల్లో ఒకరు గానీ, తాతమామ్మల్లో ఎవరైనా గానీ ఎప్పుడైనా శత్రుదేశపు పౌరులై ఉంటే, వారికి విదేశీయుల చట్టం కింద ఆంక్షలు వర్తిస్తాయి. పౌరసత్వాన్ని రద్దు చేశామని ఎక్కడా అనలేదు. పౌరుడిగానే ఉంచి, విదేశీయుడిగా చూసే వీలు కల్పించారు. నవంబర్ 3న రాష్ట్రపతి ఉత్తర్వుతో 21, 22 అధికరణాల కింద కోర్టు తలుపు తట్టే హక్కు కూడా నిలిచిపోయింది. అంటే 'నేను ఇక్కడే పుట్టాను' అని నిరూపించుకోవడానికి చోటు లేకుండా పోయింది.

ఆనాటి వాతావరణాన్ని పక్కన పెట్టి ఇప్పుడు తీర్పు చెప్పడం తేలికే. ఊరూరా జాతీయ రక్షణ నిధికి ఆడవాళ్లు గాజులు ఒలిచి ఇస్తున్న రోజులవి. తవాంగ్ పోయింది, బొమ్‌డిలా పోయింది, అస్సాం కూడా పోతుందేమో అనిపించింది. గూఢచారుల భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. ఏ దేశమైనా యుద్ధకాలంలో కొందరిని విచారించి నిర్బంధిస్తుంది. కానీ పట్టుకున్నవాళ్లలో పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్నప్పుడు, విడివిడిగా విచారణ అంటూ లేనప్పుడు, అది గూఢచారుల వేట అనిపించుకోదు.

దేవ్‌లీ రైలు

అస్సాంలోని మాకుమ్ అనే చిన్న ఊళ్లో చైనీయుల కుటుంబాలను పోలీసులు తీసుకుపోయింది నవంబర్ 19న. రెండు రోజులకే, 21న, చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించింది. యుద్ధం ముగిసింది, నిర్బంధం మొదలైంది. అస్సాం, షిల్లాంగ్, డార్జిలింగ్, కాలింపాంగ్‌ల నుంచి, కొంతమేర కలకత్తా నుంచి, మొత్తం సుమారు 3 వేల మందిని రైళ్లలో రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. అస్సాం నుంచి ప్రయాణం వారం పట్టింది. కొన్ని స్టేషన్లలో జనం చెప్పులు విసిరారని బందీలు తరువాత చెప్పారు.

దేవ్‌లీ కొత్త చోటేమీ కాదు. బ్రిటిష్‌వాళ్లు జయప్రకాశ్ నారాయణ్‌నూ కమ్యూనిస్టు నాయకులనూ బంధించిన శిబిరమే అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆగ్నేయాసియా నుంచి పట్టుకొచ్చిన జపాన్ పౌరులను మొదట ఢిల్లీ పురానా ఖిల్లాలో, తరువాత ఇక్కడే ఉంచారు. స్వతంత్ర భారతం ఆ ముళ్లకంచెను మళ్లీ వాడుకుంది. హోంమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి శిబిరాన్ని చూడటానికి వచ్చారు. చైనాకు వెళ్తారా, ఇక్కడే ఉంటారా అన్న ప్రశ్న బందీల ముందుకు వచ్చింది.

1963లో చైనా మూడు విడతలుగా మద్రాసు రేవుకు ఓడలు పంపింది. 2,300 మందికి పైగా ఎక్కి వెళ్లిపోయారు. వాళ్లలో చైనా ముఖం ఎన్నడూ చూడనివాళ్లు, చైనా భాష సరిగా రానివాళ్లు ఉన్నారు. అక్కడ వాళ్లను ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల్లో పనికి పెట్టారు. మూడేళ్లకే సాంస్కృతిక విప్లవం వచ్చింది. విదేశాల నుంచి తిరిగివచ్చినవాళ్లంటే అనుమానించే కాలం అది. భారత్‌లో చైనా గూఢచారులన్న అనుమానం, చైనాలో విదేశీ సంబంధాలున్నవాళ్లన్న అనుమానం. ఉండిపోతామన్నవాళ్లను కొద్దికొద్దిగా వదిలారు. చివరివాళ్లు బయటపడింది 1967లో.

వదిలాక ఏ ఇంటికి వెళ్లాలి? అస్సాంలో చాలామంది ఇళ్లు, దుకాణాలు వేలానికి పోయాయి. 1968లో శత్రు ఆస్తుల చట్టం వచ్చింది. చైనా పౌరులు వదిలివెళ్లినవిగా ప్రభుత్వం లెక్కగట్టిన శత్రు ఆస్తులు 126. వాటిలో మేఘాలయలో 57, పశ్చిమ బెంగాల్‌లో 29 ఉన్నాయి. పాకిస్తాన్ పౌరులవి పన్నెండు వేలకు పైగా ఉన్నాయి కాబట్టి ఆ చట్టం మీద చర్చ వచ్చినప్పుడల్లా చైనీయుల మాట అడుగున పడిపోతుంది.

కలకత్తా చైనీయుల్లో ఎక్కువమంది దేవ్‌లీకి వెళ్లలేదు. ఇది చెప్పి తీరాలి, ఎందుకంటే మొత్తం చైనాటౌన్‌ను ఎత్తుకుపోయారన్నట్లు కొన్నిచోట్ల రాస్తుంటారు. వాళ్లకు పడిన శిక్ష వేరు. నమోదైన చిరునామా నుంచి 24 గంటలకు మించి బయట ఉండాలంటే పోలీసు అనుమతి కావాలి. పేరు నమోదు చేయించుకోవాలి, అడిగినప్పుడు కనబడాలి. ఉద్యోగాలు పోయాయి. బ్యాంక్ ఆఫ్ చైనా కలకత్తా శాఖ లైసెన్సు రద్దయింది. అందులో దాచుకున్నవాళ్లు చిక్కుకున్నారు. ఊరు దాటే స్వేచ్ఛ లేని వ్యాపారి తోళ్లు కొనడానికి ఎలా వెళ్తాడు? ఈ ఆంక్షలు యుద్ధంతో పోలేదు. ఏదో ఒక రూపంలో దశాబ్దాలపాటు సాగాయి. ఇక్కడే పుట్టినవాళ్లు కొందరికి పౌరసత్వ కాగితాలు చేతికొచ్చింది 1990ల చివర్లో.

అందుకే పిల్లల్ని పంపేశారు. టొరంటో, హాంకాంగ్, తైవాన్, ఆస్ట్రేలియా. టొరంటోలో ఇవాళ 'హక్కా చైనీస్' అని బోర్డు పెట్టిన హోటల్లోకి వెళ్తే చిల్లీ చికెన్, మంచూరియన్ దొరుకుతాయి. కెనడాలో ఉన్న మన తెలుగువాళ్లు వెతుక్కుంటూ వెళ్లేది కూడా ఆ హోటళ్లకే.

టాంగ్రాకు రెండో దెబ్బ

మిగిలినవాళ్లను కదిలించింది కోర్టు. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు టాంగ్రా, తిల్జాలా, తోప్సియా ప్రాంతాల్లోని సుమారు 550 టానరీలను నగరం బయట బంతాలాకు తరలించాలని ఆదేశించింది. కాలుష్యం అబద్ధం కాదు. క్రోమియం కలిసిన నీళ్లు నేరుగా కాలువల్లోకి పోయేవి. తీర్పును తప్పుపట్టడానికి లేదు. కానీ 1962 తరువాత సగం ఖాళీ అయిన సముదాయానికి, కొత్తగా పెట్టుబడి పెట్టి బంతాలాలో మొదలుపెట్టే ఓపిక అందరికీ లేదు. కొందరు వెళ్లారు. కొందరు టానరీలను రెస్టారెంట్లుగా మార్చారు. కొందరు అమ్మేసి విమానం ఎక్కారు. ఆ కార్ఖానాల్లో పనిచేసిన బీహారీ కూలీలు ఎటు పోయారో చెప్పే పుస్తకం మాత్రం నా కంట పడలేదు.

ఇప్పటి టాంగ్రాలో చైనీయులే కట్టించుకున్న కాళీ గుడి ఉంది. నూడుల్స్ ప్రసాదంగా పెడతారన్న సంగతి పర్యాటకులకు బాగా నచ్చుతుంది. తిరెట్టా బజార్‌లో పొద్దున్నే పోద్దార్ కోర్టు దగ్గర ఆవిరి కుడుములు అమ్ముతారు, ఎనిమిది దాటితే ఏమీ మిగలదు. దేశంలోని చివరి చైనా భాషా దినపత్రిక 'సియాంగ్ పావ్' 1969లో మొదలై 2020లో కరోనా లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో తృణమూల్ కార్యకర్తలు టాంగ్రా గోడల మీద చైనా లిపిలో ఓట్లడిగారు. మరుసటి ఏడాది వసంతంలో అక్కడి యువకులు కొందరు, తాము కరోనా వైరస్ కాదనీ, కోల్‌కతాలో పుట్టామనీ, చైనా ఎన్నడూ చూడలేదనీ రాసి ఉన్న టీషర్టులు వేసుకుని తిరగవలసి వచ్చింది. అరవై ఏళ్ల కిందటి ప్రశ్నకు ఛాతీ మీద జవాబు.

క్షమాపణ అన్న మాట

1942లో అమెరికా తన పడమటి తీరంలోని సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని శిబిరాలకు పంపింది. వాళ్లలో అత్యధికులు అమెరికా పౌరులు. 1988లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు ఇచ్చింది. అదే ఏడాది కెనడా కూడా తన జపాన్ సంతతి పౌరులకు క్షమాపణ చెప్పింది. భారత ప్రభుత్వం 1962 నిర్బంధం గురించి అలాంటి మాట ఇప్పటిదాకా అనలేదు. దేవ్‌లీ బందీలు కెనడాలో ఒక సంఘం పెట్టుకున్నారు. 2017లో టొరంటో నుంచి బస్సులో ఒట్టావా వెళ్లి భారత హైకమిషన్ ముందు నిలబడ్డారు. వాళ్లు కోరుతున్నది డబ్బు కన్నా ముందు, జరిగింది తప్పు అన్న ఒప్పుకోలు. జాయ్ మా, దిలీప్ డిసౌజా రాసిన 'ద దేవ్‌లీవాలాస్' (2020), అస్సామీలో రీతా చౌధురి నవల 'మాకామ్' ఈ కథను బయటికి తెచ్చాయి. తెలుగులో దీని మీద రావలసినంత రాలేదు.

రాకపోవడం కొంత ఆశ్చర్యమే, ఎందుకంటే ఈ అనుభవం మనకు పరాయిది కాదు. రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్లను అక్కడివాళ్లు 'కోరంగీలు' అన్నారు. 1930 అల్లర్లలో వాళ్లను వెంటాడి కొట్టారు. 1942లో జపాన్ బాంబులకు వేలమంది కాలినడకన కొండలు దాటారు. మిగిలినవాళ్లను 1960లలో నే విన్ ప్రభుత్వం దుకాణాలు, ఆస్తులు జాతీయం చేసి వెళ్లగొట్టింది. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు అలా వచ్చిందే. మన తాతల్లో కొందరు రంగూన్‌లో పుట్టి, అక్కడ పరాయివాళ్లై, ఓడెక్కి వచ్చారు. ఇంచుమించు ఆ ఏళ్లలోనే మద్రాసు రేవు నుంచి కలకత్తా, అస్సాం చైనీయులు ఓడెక్కి వెళ్లారు.

అచీపూర్‌లో హుగ్లీ గట్టున గుర్రపు నాడా ఆకారంలో ఎర్రరంగు వేసిన అచ్యూ సమాధి ఇప్పటికీ ఉంది. కొద్దిదూరంలో చిన్న గుడి. అందులోని చైనా భూదేవతల జంటను ఊళ్లోని బెంగాలీలు 'ఖుదా–ఖుదీ' అంటారు. అదే ఆవరణలో సుందరవనాల పులిదేవుడు దక్షిణ్‌రాయ్‌కి కూడా చోటుంది. చైనా కొత్త సంవత్సరం తరువాత వచ్చే ఆదివారాల్లో టాంగ్రా, తిరెట్టా బజార్‌ల నుంచి బస్సులు వస్తాయి. ఆ రోజుల్లో సెలవు పెట్టుకుని టొరంటో నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. ధూపం వెలిగించి, పంది మాంసం, పళ్లు నైవేద్యం పెట్టి, చీకటి పడకముందే తిరిగి వెళ్లిపోతారు.